మగ్గడానికీ మాడడానికీ మధ్య: ఫ్రెంచ్ ఆనియన్ సూప్ ఇంట్లో ఎందుకు కుదరదు, ఎలా కుదురుతుంది

బిర్యానీ కోసం కిలోల కొద్దీ ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, నూనెలో ఎర్రగా వేయించి, పళ్లెంలో పరిచి ఆరబెట్టే అలవాటున్న ఊరు హైదరాబాదు. అటువంటి ఊళ్లో, ఉల్లిగడ్డే ప్రాణమైన ఒక ఫ్రెంచి సూప్ ఇంట్లో చేసినప్పుడు తరచూ కుదరకపోవడం నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. చేసి చూసినవారు చెప్పే ఫిర్యాదులు ఇంచుమించు మూడే. రసం నీళ్లలా పలచగా ఉన్నదంటారు, తీపి ఎక్కువై మొహం మొత్తిందంటారు, పైన వేసిన రొట్టె చెంచా తగిలేలోపే ముద్దయిందంటారు. ఈ మూడింటికీ కారణాలు వేర్వేరు. వంటవిధానాలు రాసేవారు వస్తువుల కొలతలు ఇస్తారు గానీ, ఏ వస్తువు ఆ గిన్నెలో ఏ పని చేస్తున్నదో చాలావరకు చెప్పరు. పని తెలియనప్పుడు, దొరకని వస్తువుకు బదులుగా ఏది వాడవచ్చో, ఏది వాడితే వంట చెడుతుందో తేల్చుకోవడం సాధ్యం కాదు. పారిస్‌లో వీధి చివర దొరికే సరుకు మెహిదీపట్నంలో దొరకకపోవచ్చు. ఆ సరుకు చేసే పనిని చేయగల వస్తువులు మాత్రం దాదాపు అన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి.

ఫ్రాన్సులో దీనిని సూప్ ఆ లొన్యోఁ గ్రతినే అంటారు. చివరి మాటకు పైభాగం కాలి పెచ్చు కట్టినది అని అర్థం. ఉల్లిగడ్డ, వెన్న, ఎముకల రసం, ఎండిన రొట్టె, చీజ్ అనే ఐదు వస్తువులకు మించి ఇందులో పెద్దగా ఏమీ లేదు. దీని పుట్టుక గురించి రాజుల కథలు చెబుతారు గానీ, ఈ సూప్‌కు పేరు తెచ్చింది పారిస్ నడిబొడ్డున ఉండిన లే హాల్ అనే పెద్ద టోకు మార్కెట్. 1969లో ఆ మార్కెట్‌ను నగరం వెలుపల ఉన్న రంజిస్‌కు తరలించే వరకు, రాత్రంతా బరువులు మోసిన హమాలీలూ, విందువినోదాలు ముగించుకొని వచ్చే సంపన్నులూ తెల్లవారుజామున అక్కడి హోటళ్లలో ఇదే సూప్ ముందు కూర్చునేవారు. ఇది చదివినప్పుడు పాతబస్తీలో తెల్లవారకముందే పొగలు కక్కే నహారీ దేగిసాలు గుర్తుకు రాని హైదరాబాదీ ఉండడు. నహార్ అంటే అరబ్బీలో పగలు. రాత్రంతా ఉడికిన పాయా రసంలో కుల్చా ముంచుకొని తినే ఆ అలవాటుకూ, ఎండు రొట్టెను ఉల్లి రసంలో నానబెట్టుకొనే ఈ అలవాటుకూ పునాది ఒక్కటే. రెండుచోట్లా తక్కువ ధర సరుకును ఎక్కువసేపు ఉడికించి విలువైన తిండిగా మార్చుతారు. అందువల్ల ఇందులో సమయాన్ని తగ్గించడమంటే అసలు సరుకునే తగ్గించడం.

ఎంత సమయం అన్నదే మొదటి చిక్కు. ఎన్నో వంటవిధానాలు ఉల్లిగడ్డలను పది నిమిషాల్లో బంగారు రంగుకు తెమ్మంటాయి. ఇది ఎందుకు సాధ్యం కాదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. పచ్చి ఉల్లిగడ్డలో దాదాపు 89 శాతం నీరే ఉంటుంది. నలుగురికి సూప్ చేయడానికి తొక్క తీసి తరిగిన ఉల్లి ఒక కిలో కావాలి, అంటే అందులో 890 గ్రాముల నీరున్నది. ముదురు గోధుమ రంగుకు వచ్చేసరికి ఆ కిలో సుమారు 280 గ్రాములకు దిగిపోవాలి. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి కనుక, 720 గ్రాముల నీటిని పంపించడానికి, అంతకుముందు ఉల్లిని మరిగే స్థాయికి వేడి చేయడానికి కలిపి దాదాపు 1,900 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. ఇది ఇంచుమించు అర యూనిట్ కరెంటుతో సమానం. వెయ్యి వాట్ల వేడి ఒక్క చుక్క వృథా కాకుండా ఉల్లిలోకి చేరినా అరగంట పైనే పడుతుంది. మామూలు గ్యాసు పొయ్యి మీద, మధ్యస్థంగా పెట్టిన మంటలో కొంత వేడి గిన్నె పక్కల నుంచి పోతుంది కనుక, ముప్పావు గంట నుంచి గంటా పావు వరకు పట్టడం సహజం. మంట పెంచితే ఉల్లి అంచులు మాడతాయే తప్ప లోపలి నీరు ఆ వేగంతో బయటికి రాదు.

నీరు పోవడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మన భాషలోని మూడు మాటలను గుర్తు చేసుకుంటే చాలు. మగ్గడం, వేగడం, మాడడం. మూత పెట్టిన గిన్నెలో ఉల్లి తన నీటిలో తానే మెత్తబడడం మగ్గడం. ఆ దశలో నీరు ఉన్నంతసేపూ ఉష్ణోగ్రత నీటి మరుగుస్థానాన్ని పెద్దగా దాటదు. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు సుమారు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ వేడిలో ఉల్లి పారదర్శకంగా మారుతుంది, ఘాటు పోతుంది, కాని రంగు దాదాపు రాదు. నీరు చాలావరకు పోయిన తరువాత, గిన్నె అడుగున ఉష్ణోగ్రత వంద డిగ్రీలు దాటి 140 వైపు వెళ్లినప్పుడు వేగడం మొదలవుతుంది. ఉల్లిలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చక్కెరలు అందులోనే ఉన్న అమైనో ఆమ్లాలతో కలిసి వందలాది కొత్త రుచులనూ, వాసనలనూ, గోధుమ రంగునూ పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ పేరు మీదనే దీనిని మయ్యార్ చర్య అంటారు. రొట్టె పెచ్చుకూ, కాల్చిన మాంసానికీ, వేయించిన కాఫీ గింజకూ రుచి వచ్చేది ప్రధానంగా దీని వల్లనే. చక్కెర తనంత తానే వేడికి విరిగి పాకంగా ముదరడం, అంటే క్యారమెల్ కావడం, వేరే చర్య. మన గిన్నెలో రెండూ కలిసి జరుగుతాయి. పేరు మాత్రం క్యారమెల్‌కే దక్కింది.

తీపి గురించిన ఫిర్యాదుకు జవాబు ఇక్కడే ఉన్నది. ఉల్లి తీపి అత్యధికంగా తెలిసేది లేత బంగారు రంగు దశలో. అక్కడ ఆపేస్తే సూప్ తియ్యగా, ఏకరుచిగా ఉంటుంది. మరో పావుగంట, ఇరవై నిమిషాలు ఓపికగా తీసుకెళ్తే చక్కెరలో కొంత భాగం చేదు ఛాయ గల గోధుమ రంగు పదార్థాలుగా మారి, తీపికి పక్కన ఒక గంభీరమైన రుచి నిలబడుతుంది. రంగు పాత ఇత్తడిని దాటి చింతపండు గుజ్జు వైపు జరగాలి. అక్కడి నుంచి మాడడానికి రెండు మూడు నిమిషాల దూరమే ఉంటుంది కనుక, చివరి దశలో పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు.

ఇంట్లో బిర్యానీ కోసం చేసి పెట్టుకున్న వేయించిన ఉల్లి, అంటే బిరిస్తా, ఇందుకు ఎందుకు పనికిరాదని చాలామంది అడుగుతారు. అది సమంజసమైన ప్రశ్న. బిరిస్తాలో ఉల్లి నిండు నూనెలో తేలుతుంది. నూనె వేడిని ప్రతి ముక్క చుట్టూ మోసుకెళ్తుంది కనుక నీరు పది, పదిహేను నిమిషాల్లో ఎగిరిపోయి ముక్క కరకరలాడుతుంది. సూప్‌కు కావలసిన ఉల్లి కొద్దిపాటి వెన్నలో ముందు పూర్తిగా మగ్గి, కణాల గోడలు కరిగి, ఆ తరువాత ముదురుతుంది. అది నోట్లో కరిగిపోవాలి, రసానికి చిక్కదనం ఇవ్వాలి. బిరిస్తాను రసంలో వేస్తే పైన నూనె తేలుతుంది, ముక్కలు తోలులా నానుతాయి, వంటింట్లో బిర్యానీ వాసన నిండుతుంది. ఒకసారి వేళ మించిపోయి నేను అలాగే చేశాను. తినదగ్గ రసమే వచ్చింది గానీ, దానికీ ఈ సూప్‌కూ పోలిక లేదు.

ఏ ఉల్లిగడ్డ వాడాలి? ఫ్రాన్సులో పసుపు రంగు ఉల్లి వాడతారు. మన మార్కెట్లలో ఎక్కువగా దొరికేది ఘాటైన ఎర్ర ఉల్లిగడ్డ. ఘాటైనదానిలో తీపి ఉండదని అనుకోవడం పొరపాటు. ఘాటుకు కారణం గంధక సమ్మేళనాలు. ఉల్లిని కోసినప్పుడు కణాలు తెగి, అందులోని ఎంజైములు ఈ సమ్మేళనాల మీద పనిచేసి ఘాటునూ, కన్నీరు తెప్పించే వాయువునూ పుట్టిస్తాయి. ఆ కన్నీటి వాయువును తయారుచేసే ప్రత్యేకమైన ఎంజైమును జపాన్ శాస్త్రవేత్తలు 2002లో గుర్తించారు. వేడి తగలగానే ఈ ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, పుట్టిన ఘాటు చాలావరకు ఆవిరితో పోతుంది, అప్పటిదాకా ఘాటు చాటున దాగిన తీపి బయటపడుతుంది. పచ్చిగా తినగలిగే తీపి ఉల్లిలో చాలాసార్లు నీరు ఎక్కువ, సారం తక్కువ. కనుక మన ఎర్ర ఉల్లిగడ్డ ఈ సూప్‌కు లోటు కాదు, బలమే. నెమ్మదిగా ఉడికిన ఉల్లిలో మిగిలే కొన్ని గంధక సమ్మేళనాలు మాంసరసాన్ని తలపించే రుచినిస్తాయి. శాకాహారులకు ఇది కలిసొచ్చే విషయం.

రంగు కన్నా కాలం ముఖ్యం. మలక్‌పేటలోని మహబూబ్ మాన్షన్ మార్కెట్‌కు మహారాష్ట్ర నుంచీ, కర్నూలు వైపు నుంచీ ఉల్లి వస్తుంది. వానాకాలపు పంట తవ్విన కొత్తలో నీటితో నిండి, నిల్వకు ఆగకుండా ఉంటుంది. యాసంగి పంట మార్చి, మే మధ్య చేతికి వచ్చి, ఆరబెట్టి నిల్వ చేసినది కనుక గట్టిగా, సారవంతంగా ఉంటుంది. పొట్టు గరగరలాడుతూ, మెడ పూర్తిగా ఎండి, నొక్కితే లొంగని గడ్డను ఎంచుకోవాలి. పచ్చి మెడ ఉన్న కొత్త గడ్డ అయితే మరో పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుందని ముందే లెక్క వేసుకోవాలి. పొట్టు కింద నల్లటి బూజు మసి కనిపిస్తే ఆ పొర తీసేసి కడిగి వాడుకోవాలి. అందుకే, తొక్కలను రసంలో వేస్తే మంచి రంగు వస్తుందన్న సలహాను మన ఉల్లి విషయంలో నేను పాటించను.

తరగడంలో చిన్న మెళకువ ఉన్నది. గడ్డను వేరు నుంచి మెడ వరకు రెండుగా కోసి, అదే దిశలో నిలువుగా మూడు మిల్లీమీటర్ల మందాన తరిగితే నారలు తెగకుండా ముక్కలు గంటసేపు వేగినా పోగుల్లా నిలుస్తాయి. అడ్డంగా తరిగితే త్వరగా గుజ్జవుతాయి. గుజ్జయినా రుచికి లోపం లేదు గానీ, చెంచాలో ఉల్లి పోగులు కనబడడం ఈ సూప్ అందంలో భాగం. గడ్డలను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పదునైన కత్తితో కోస్తే ఎంజైముల వేగం తగ్గి కళ్లు తక్కువ మండుతాయి.

గిన్నె వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి. మందపాటి స్టీలు గిన్నె అన్నిటికన్నా నమ్మకమైనది. నాన్‌స్టిక్‌లో అడుగున గోధుమ పొర సరిగా అంటుకోదు, ఆ పొరే మనకు కావలసినది. ఇనుప మూకుడులో ఉల్లి చక్కగా వేగుతుంది కాని, తరువాత పోసే పులుపు ఇనుముతో కలిసి లోహపు రుచినీ, నల్లదనాన్నీ తెస్తుంది. హిండాలియం గిన్నెదీ అదే ఇబ్బంది. కుక్కర్‌లో మూత బిగించి చేస్తే నీరు బయటికి పోదు కనుక ఉల్లి మెత్తబడుతుంది గానీ వేగదు.

ఇక వంటలోకి వస్తే, 40 గ్రాముల వెన్న, ఒక పెద్ద చెంచా నూనె వేడి చేసి, కిలో ఉల్లి, చిన్న చెంచాలో ముప్పావు వంతు ఉప్పు వేయాలి. మనకు దొరికే టేబుల్ బటర్‌లో ఉప్పు ముందే ఉంటుంది, చివర వేసే చీజ్‌లోనూ ఉంటుంది, కనుక ఈ దశలో చేయి బిగబట్టాలి. ఉప్పు ఉల్లి నుంచి నీటిని లాగి మగ్గడాన్ని తొందర చేస్తుంది. నెయ్యి కన్నా వెన్న మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వెన్నలోని పాల ఘనపదార్థాలు ఉల్లితో పాటే వేగుతాయి, నెయ్యి తన సొంత వాసనతో ముందుకొస్తుంది. మూత పెట్టి చిన్న మంట మీద పావుగంట మగ్గనిచ్చి, ఆ తరువాత మూత తీసి, మంట కొంచెం పెంచి, ఐదారు నిమిషాలకొకసారి కలుపుతూ ఉండాలి. నీరు ఇంకిపోయాక గిన్నె అడుగున గోధుమ రంగు పొర అంటుకోవడం మొదలవుతుంది. మన వంటింట్లో అడుగంటడమంటే తప్పు జరిగినట్టే లెక్క కనుక చాలామంది ఇక్కడ భయపడి స్టవ్ ఆపేస్తారు. ఆ పొర నల్లబడనంతవరకు అది మాడు కాదు, రుచి అంతా చేరిన చోటు అదే. రెండు చెంచాల నీళ్లు చిలకరించి, చెక్క గరిటెతో గీకితే పొర కరిగి ఉల్లికి అంటుకుంటుంది. నీరు ఇంకి, మళ్లీ పొర కట్టినప్పుడు మళ్లీ చిలకరించాలి. ఇలా నాలుగైదుసార్లు చేసేసరికి రంగు దానంతట అదే ముదురుతుంది. ఏ దశలోనైనా పొర నల్లగా మారి, ఘాటైన పొగ వాసన వస్తే గీకకుండా ఉల్లిని వేరే గిన్నెలోకి తీయాలి, ఎందుకంటే ఆ చేదు ఒకసారి రసంలో కలిస్తే దేనితోనూ పోదు.

దగ్గరిదారులుగా చెప్పేవి రెండున్నాయి. చక్కెర వేయడం మొదటిది. అది రంగును తొందరగా తెస్తుంది, తీపిని పెంచుతుంది, ఇప్పటికే తీపి గురించి ఫిర్యాదు ఉన్నచోట ఆ పని చేయడం అర్థం లేనిది. రెండవది వంట సోడా. క్షారం మయ్యార్ చర్యను వేగవంతం చేస్తుందన్నది నిజమే, కాని అదే క్షారం ఉల్లి కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని కరిగించి ముద్ద చేస్తుంది. పైగా ఎర్ర ఉల్లిలోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే నీలి, ఆకుపచ్చ ఛాయలకు తిరుగుతుంది. పసుపు ఉల్లి వాడే దేశాలలో ఈ చివరి ఇబ్బంది అంతగా కనబడదు. మన ఉల్లితో చేసేవారు సోడా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఉల్లి సిద్ధమయ్యాక ఒక చెంచా మైదా చల్లి రెండు నిమిషాలు వేయిస్తే రసానికి కొంచెం చిక్కదనం వస్తుంది, ఇది తప్పనిసరి కాదు. ఆ తరువాత ఫ్రెంచివారు పొడి రుచి గల తెల్ల వైన్‌ను ఒక చిన్న గ్లాసెడు, అంటే 120 మిల్లీలీటర్లు పోస్తారు. వైన్ ఇక్కడ చేసే ప్రధానమైన పని పులుపు ఇవ్వడం. ఉల్లి తీపికి ఎదురు నిలిచే పులుపు లేకపోతే ఈ సూప్ ఒక వైపుకు ఒరిగిపోతుంది. మద్యం ముట్టని ఇళ్లవారు, మరిగిస్తే ఆల్కహాల్ అంతా పోతుందిలే అన్న మాటను నమ్మకూడదు, అరగంట మరిగినా కొంత మిగిలే ఉంటుంది. అలాంటివారికి సాధారణంగా వినిగర్ సూచిస్తారు, ఒక చెంచా ఆపిల్ వినిగర్ పనిచేస్తుంది కూడా. అయితే అంతకన్నా దగ్గరి చుట్టం మన ఇంట్లోనే ఉన్నది. ద్రాక్షలోనూ, అందుచేత వైన్‌లోనూ ఉండే ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. చింతపండు పులుపుకూ ప్రధాన కారణం అదే. ఉసిరికాయంత చింతపండులో సగం తీసుకొని, అరకప్పు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, గుజ్జు పిసకకుండా పైతేట నీటిని మాత్రమే వడకట్టి, రుచి చూస్తూ రెండు మూడు చెంచాలు పోస్తే వైన్ వదిలిన ఖాళీ చాలావరకు పూడుతుంది. కొద్దిగా ఎక్కువైతే సూప్ పులుసై కూర్చుంటుంది కనుక, చింతపండు ఉన్నదని తినేవారికి తెలియని స్థాయి దగ్గర ఆగాలి. వైన్‌లోని పండ్ల సువాసన దీనితో రాదు. పులుపు లక్షణం మాత్రం వినిగర్‌తో వచ్చేదానికన్నా మృదువుగా కుదురుతుంది.

రసం పలచబడిందన్న ఫిర్యాదు ఎముకల దగ్గర తీరుతుంది. పెదవులకు అంటుకున్నట్టుండే ఆ నిండుదనం జిలాటిన్ వల్ల వస్తుంది. ఎముకలను అంటిపెట్టుకున్న చర్మంలో, కీళ్లలో ఉండే కొలాజన్ అనే మాంసకృత్తి నీటిలో చాలాసేపు ఉడికినప్పుడు జిలాటిన్‌గా మారుతుంది. ఫ్రాన్సులో గొడ్డు ఎముకలను కాల్చి గంటల తరబడి ఉడికిస్తారు. పాయా చేసుకునే ఇంటికి కొలాజన్ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. మేక కాళ్లు ఒక్కటే వాడితే వాటి వాసన ఉల్లిని మించిపోతుంది కనుక, అర కిలో కోడి ఎముకలకు రెండు మేక కాళ్లు చేర్చడం నాకు నచ్చిన పాళ్లు. ఎముకలను ముందు ఓవెన్‌లోనో, మూకుడులోనో గోధుమ రంగు వచ్చేలా కాల్చి, ఒక క్యారట్, నాలుగు మిరియాలు, లీటరున్నర నీళ్లతో కుక్కర్‌లో గంటసేపు చిన్న మంట మీద ఉంచాలి. కుక్కర్‌లో ఉష్ణోగ్రత 120 డిగ్రీల దగ్గరకు చేరుతుంది కనుక మామూలు గిన్నెలో నాలుగైదు గంటలు పట్టే పని అక్కడ గంటలో ముగుస్తుంది. వడకట్టిన రసాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి చూడాలి. గడ్డకట్టి వణికితే సూప్ నిండుగా ఉంటుంది, నీళ్లలాగే ఉంటే మళ్లీ మరిగించి తగ్గించాలి. పైన తెట్టుకట్టిన కొవ్వును తీసేయాలి. బజారులో దొరికే స్టాక్ ఘనాలలో ఉప్పు ఎక్కువ, జిలాటిన్ లేదు. రసం మరిగి తగ్గేకొద్దీ ఆ ఉప్పు ఇంకా పైకి తేలుతుంది.

శాకాహారుల విషయంలో ఎముకల రసాన్ని అనుకరించే ప్రయత్నం కన్నా, ఉల్లిని మరింత ముదురుగా వేయించి, దానికి తోడుగా నిలిచే రసం చేసుకోవడం సరైన దారి. పిడికెడు ఎండు పుట్టగొడుగులు, కాల్చిన టమాటా రెండు, క్యారట్, కొద్దిగా సెలరీ కలిపి నలభై నిమిషాలు మరిగిస్తే లోతైన రుచి వస్తుంది. చిక్కదనానికి పైన చెప్పిన మైదా చెంచా ఇక్కడ తప్పనిసరి అవుతుంది. ఉలవకట్టు పోసి చూడమని ఒక బంధువు చెబితే చేసి చూశాను. రసం చిక్కగా, ముదురుగా వచ్చింది గానీ, ఉలవల రుచి ఉల్లిని పూర్తిగా పక్కకు నెట్టి, మంచి ఉలవచారు తిన్న అనుభూతి మిగిలింది.

వేగిన ఉల్లిలో పులుపు పోసి, అది ఇంకిన తరువాత, లీటరుంబావు రసం పోసి అరగంట సన్నని సెగ మీద ఉంచాలి. ఇందులో వేసే ఆకుల విషయంలో ఒక గందరగోళం ఉన్నది. ఫ్రెంచి వంటల్లోని బే ఆకూ, మన బిర్యానీ ఆకూ ఒకటి కావు. మనది దాల్చిన జాతి చెట్టు ఆకు, మొదలు నుంచి కొస వరకు మూడు ఈనెలు సాగుతాయి, దాల్చినచెక్కను గుర్తుచేసే వాసన ఉంటుంది. వాళ్లది లారెల్ చెట్టు ఆకు, నడుమ ఒకటే ఈనె ఉంటుంది, వాసన వేరు. బిర్యానీ ఆకు వేస్తే సూప్ పులావు వైపు నడుస్తుంది కనుక, లారెల్ ఆకు లేకపోతే మానేయడమే నయం. థైమ్ ఎండు రెమ్మలు ఇప్పుడు పెద్ద దుకాణాల్లో సులువుగా దొరుకుతున్నాయి. అవి లేనప్పుడు నాలుగైదు వాము గింజలు నలిపి వేయవచ్చు, ఎందుకంటే రెండింటి వాసనకూ మూలం థైమాల్ అనే పదార్థమే. వాములో దాని పాలు చాలా ఎక్కువ, అందుకే చెంచాల్లో కాక గింజల్లో లెక్కపెట్టమన్నాను.

రొట్టె ముద్దయిపోవడం మూడవ ఫిర్యాదు. బగెట్ అనే పొడవాటి ఫ్రెంచి రొట్టెలో పిండి, నీరు, ఉప్పు, పులియబెట్టే ఈస్ట్ తప్ప చక్కెర, పాలు, నూనె ఉండవు. మన ప్యాకెట్ బ్రెడ్, పావ్, బన్ను మెత్తగా ఉండడానికి వాటిలో చక్కెర, కొవ్వు కలుపుతారు. మెత్తని రొట్టెలో ముందే తేమ ఉన్నందున అది రసాన్ని పీల్చుకొని కుప్పకూలుతుంది. డబుల్ కా మీఠా చేసేవారికి దీని పరిష్కారం తెలిసే ఉంటుంది. రొట్టె ముక్కను ముందు నేతిలో గట్టిపడే వరకు వేయించి తేమ పోగొట్టాకే పాకంలో వేస్తారు, అందుకే అది పాకాన్ని పీల్చుకొని కూడా ఆకారం నిలుపుకుంటుంది. ఇక్కడా అంతే. నగరంలోని బేకరీల్లో బగెట్ దొరికితే ఒకరోజు ముందే కొని, వేలెడు మందాన కోసి, 150 డిగ్రీల ఓవెన్‌లో ఇరవై నిమిషాలు, లోపలి వరకు రస్కులా ఎండే దాకా ఉంచాలి. పైపైన ఎర్రబడితే చాలదు, నడుమ ముక్క విరిస్తే టక్కుమని శబ్దం రావాలి. బగెట్ దొరకనప్పుడు చక్కెర వేయని పుల్లపిండి రొట్టె, అంటే సార్‌డో, వాడవచ్చు.

చీజ్ దగ్గర డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది కనుక, దాని పని తెలుసుకోవడం అవసరం. స్విట్జర్లాండ్‌కు చెందిన గ్రుయేర్, ఫ్రాన్సుకు చెందిన కోంటే ఈ సూప్‌కు ప్రసిద్ధమైనవి. నెలల తరబడి మాగడం వల్ల వాటికి గింజల వంటి కమ్మని రుచి వస్తుంది, వేడికి సాగుతాయి, పైన గోధుమ రంగు మచ్చలు కడతాయి. మూడు పనులూ ఒకే చీజ్ చేయడం అరుదు. మన దేశంలో తయారయ్యే గౌడ, ఎమెంటాల్ ఈ పనులను చాలావరకు చేయగలవు. మొజరెల్లా బాగా సాగుతుంది కాని రుచి తక్కువ, కనుక దానికి గౌడ సగం కలపాలి. డబ్బాల్లో, ఘనాల్లో దొరికే ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వు విడిపోకుండా ఉంచే లవణాలు కలుపుతారు, అందువల్ల అది నున్నగా కరుగుతుంది గానీ తీగలు సాగదు, కాలిన పెచ్చు సరిగా కట్టదు. పనీర్ అసలు కరగదు. పాలను గడ్డకట్టించే రెన్నెట్ అనే ఎంజైముతో తోడుపెట్టినప్పుడు మాంసకృత్తుల మధ్య క్యాల్షియం వంతెనలు మిగులుతాయి, వేడికి అవి సడలి చీజ్ జారుతుంది. నిమ్మరసంతో విరిచిన పనీర్‌లో ఆ క్యాల్షియం చాలావరకు పోయి, మాంసకృత్తులు దగ్గరగా ముడుచుకుంటాయి, ఎంత కాల్చినా ముక్క ముక్కగానే నిలుస్తుంది. శాకాహారులు మరొకటి గమనించాలి. గ్రుయేర్ వంటి చీజ్‌లను సంప్రదాయంగా లేగదూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు, కనుక పెట్టె మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనాలి.

చివరి పని వేగంగా జరగాలి. ఓవెన్ వేడికి తట్టుకునే పింగాణి గిన్నెల్లో మరుగుతున్న సూప్‌ను అంచుకు వేలెడు కింద వరకు పోసి, ఎండిన రొట్టె ముక్కలు రెండు పైన కప్పి, గిన్నెకు 40 గ్రాముల చొప్పున అప్పుడే తురిమిన చీజ్‌ను అంచుల మీదికి కూడా పరుచుకునేలా చల్లాలి. పైకడ్డీలు ఎర్రబడిన ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో, నాలుగు నుంచి ఆరు నిమిషాలు సరిపోతుంది. మామూలు గాజు గిన్నెలు ఆ వేడికి పగలవచ్చు, ఓవెన్‌కు తగినవని గుర్తు ఉన్నవే వాడాలి. మైక్రోవేవ్ మామూలు పద్ధతిలో చీజ్‌ను కరిగిస్తుంది, కాల్చలేదు. ఓవెన్ లేని ఇంట్లో ఎండిన రొట్టె ముక్క మీద చీజ్ వేసి, పెనం మీద మూత పెట్టి కరిగించి, సూప్ మీదికి జార్చవచ్చు. పెచ్చు రాదు గానీ, రొట్టె అడుగు పెనం మీద కాలి ఆ లోటును కొంత తీరుస్తుంది.

ఓవెన్ నుంచి తీసిన గిన్నెను ఐదు నిమిషాలు కదపకూడదు. చీజ్ పొర మూతలా కప్పి ఉన్నందున కింది రసం ఇంకా మరిగే వేడిలోనే ఉంటుంది, పైన ఆవిరి కనబడకపోవడం చూసి పిల్లలు నోరు కాల్చుకుంటారు. ఉల్లి వేయించేటప్పుడు గిన్నె పట్టినంత, రెండు కిలోలు వేసుకుని, సగం ఫ్రీజర్‌లో దాచుకుంటే మరోరోజుకు గంట పని తప్పుతుంది. రెండు నెలలైనా దాని రుచి తగ్గదు. మిగిలిన సూప్‌ను మరునాడు వేడి చేసుకోవచ్చు, రొట్టె, చీజ్ మాత్రం తినే ముందే వేయాలి.